మైసమ్మ నీళ్ళు, చెన్నయ్య గొంతు

చెవి, ముక్కు, గొంతు డాక్టర్లుగా కొత్తగా చేరబోయే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ముందే ఒక సంగతి చెప్పి పెడతాను. కాలేజీలో మీకు చూపించిన పెద్ద పెద్ద ఆపరేషన్లు మంచివే. కానీ పాలమూరు పల్లెల మధ్య సర్కారు దవాఖానలో మీరు మొదట తీసేది పల్లీ గింజలు. చేలల్లో పల్లికాయ పీకే రోజుల్లో పిల్లల ముక్కుల్లోంచి తీయాలి. తీసిన గింజను తల్లి అరచేతిలో పెట్టుకుని చూసి, "ఇంకోటి గూడ ఉన్నదంటున్నడమ్మా" అంటుంది. పిల్లవాడి మాట నమ్మండి. ఇంకోటి ఉంటుంది.

నేను గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడుచోట్లా పనిచేశాను. ఇప్పుడు చెప్పబోయేది ఏ ఊరి దవాఖానలో జరిగిందో మాత్రం చెప్పను. మూడు ఊళ్ళవాళ్ళూ "మా దగ్గర కాదు" అనుకుని నిశ్చింతగా చదువుకోవచ్చు. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. సెల్‌ఫోన్లు సర్పంచుల చొక్కా జేబుల్లోకి వచ్చాయి, సిగ్నలు ఇంకా రాలేదు.

నాకిచ్చిన గది జనరేటరు పక్కనే ఉండేది. కరెంటు పోయి జనరేటరు మొదలైందంటే వచ్చినవాళ్ళందరికీ చెవుడే. వాళ్ళకు నేను చెప్పేది వినపడదు, నాకు వాళ్ళు చెప్పేది వినపడదు. ఇద్దరం అరుచుకుంటుంటే, బయట వరుసలో ఉన్నవాళ్ళు "ఈ డాక్టరమ్మకు కోపమెక్కువ" అని నిర్ణయించుకున్నారు. కోపం ఎక్కువే, కానీ దానికి కారణం జనరేటరు కాదు.

మా సూపరింటెండెంటు గారు

కోపానికి కారణం మా సూపరింటెండెంటు గారు. ఆయన దృష్టిలో మనిషికి వచ్చే జబ్బులు రెండే రెండు. ఒకటి గ్యాస్, రెండోది ఇంకా బయటపడని గ్యాస్. చెవిలో చీము కారుతోందని వచ్చినవాడికి కూడా "పొద్దున ఏం తిన్నవ్?" అని మొదలుపెట్టేవారు. నేను పంపిన చీటీల మీద నా మందు కింద తన గ్యాస్ గోలీ ఒకటి చేర్చి పంపేవారు, పులుసులో ఉప్పు సరిచూసే అత్తగారిలాగా. 

అయినా నా ఉద్యోగంలో నాకు పనికొచ్చిన ఒకే ఒక్క మాట ఆయన నోటినుంచే వచ్చింది, అది కాదనను. "అమ్మా, పేషెంటును చూసేముంగట ఎంబడి వచ్చినోళ్ళను చూడు. రోగం ఒకనికే ఉంటది. దాని ఎనక కథ వాళ్ళకాడ ఉంటది" అనేవారు. అది ఎక్కడా రాసి లేదు. ఆయనకు ఎవరు చెప్పారో కూడా తెలియదు. ఆ మాట విలువ నాకు చెన్నయ్య వచ్చినరోజు తెలిసింది.

జీపులో వచ్చినవాళ్ళు

ఆరోజు దవాఖాన ముందు ఒక జీపు ఆగింది. అందులోంచి దిగుతున్న జనాన్ని చూసి, ఎక్కడో పెళ్ళి భోజనాలు వికటించాయేమో అనుకున్నాను. తీరా చూస్తే పేషెంటు ఒక్కడే. ఖిల్లా ఘణపూర్ అవతలి ఊరి రైతు, పేరు చెన్నయ్య. మంచి ఎత్తు మనిషి, చిక్కిపోయి ఉన్నాడు. నోటికి తువ్వాల అడ్డం పెట్టుకుని, ఉమ్మి మింగకుండా చేతిలోని డబ్బాలోకి ఉమ్ముతున్నాడు. మాట్లాడమంటే చెయ్యి అడ్డంగా ఊపుతున్నాడు.

నాకంటే ముందు చూసిన డ్యూటీ డాక్టరు కుర్రవాడు మంచినీళ్ళ గ్లాసు చూపించాడట. చెన్నయ్య గ్లాసును చూసి గోడదాకా వెనక్కి పోయాడట. కుర్రవాడికి చెమటలు పట్టాయి.

"కుక్క గిట్ల కరిచిందా?" అని అడిగాడు.

"కరిచింది సారూ," అన్నారు వెంట వచ్చినవాళ్ళలో ఒకరు. అంతే, గదిలో ఉన్న మా స్టాఫంతా వాకిట్లోకి చేరారు. ఆ తర్వాత ఆ మనిషి తీరిగ్గా, "గాని ఈయన్ని గాదు, ఈయన అన్నను. పోయినేడు" అన్నాడు. అప్పటికే స్టాఫు సగం మంది గేటు దాటారు, వాళ్ళను పిలుచుకు రావడానికి ఇంకొకరిని పంపాల్సి వచ్చింది.

ఆ కుర్రవాణ్ణి నేను తప్పుపట్టను. నీళ్ళు చూసి జడిసే మనిషి వస్తే మొదట కుక్కకాటు అడగాల్సిందే. కానీ ఎవరిని కరిచిందని కూడా అడగాలి.

నా గదిలో కూర్చోబెట్టాక, చెన్నయ్య భార్య బాలమ్మను అడిగాను.

"ఎప్పటినుంచమ్మా ఈ నొప్పి?"

"మైసమ్మ పట్టినకాన్నుంచి."

"మైసమ్మ ఎప్పుడు పట్టింది?"

"మైసమ్మ నీళ్ళు తాగినప్పుడు."

ఇలా గుండ్రంగా తిరిగి తిరిగి, చివరకు విషయం ఇదని తేలింది. చెన్నయ్యకూ అతని అన్న నర్సయ్యకూ పక్కపక్కనే చేలు. మధ్యలో హద్దుగా తండ్రి పాతిన గెట్టు రాయి. ఆ ఏడు దుక్కులయ్యాక చూస్తే రాయి నర్సయ్య చేనిలోకి జరిగి ఉంది. తమ్ముడే జరిపాడని అన్న. నేను ముట్టనైనా లేదని తమ్ముడు. పెద్దమనుషులు కూర్చున్నారు. వాళ్ళ ఊళ్ళో ఇలాంటివి తేలకపోతే మైసమ్మ గుడి ముందు పమాణం చేయిస్తారు. అమ్మవారి కత్తిని కడిగిన పసుపునీళ్ళు చెంబులో ఇస్తారు. "నేను జరపలేదు" అని తాగాలి. నిజమైతే నీళ్ళు దిగుతాయి. అబద్ధమైతే అమ్మవారు గొంతు పట్టుకుంటుంది.

చెన్నయ్య ధైర్యంగా చెంబు ఎత్తి ఒక గుక్క మింగాడు. మరుక్షణం ఎడమ చెవి పట్టుకుని కేకపెట్టి, కళ్ళు తేలేసి గుడి ముందే పడిపోయాడు. చెంబు దొర్లుకుంటూ పోయి పూజారి కాళ్ళ దగ్గర ఆగింది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? తీర్పు అక్కడికక్కడే అయిపోయింది. గెట్టు వెంట ఉన్న నేల పట్టీ నర్సయ్యకు, దొంగ పమాణం చేసినవాడన్న పేరు చెన్నయ్యకు దక్కాయి. 

"ఆరోజుకు ముందు ఎన్నడూ రాలేదా?" అన్నాను.

"జర జర వచ్చేది. చల్లనీళ్ళు తాగితె చెవుల సుర్రుమంటది అనేటోడు. పంటి నొప్పి అనుకొని దవడపండ్లు రెండు పీకిచ్చినం. చెవుల ఎల్లిగడ్డ నూనె పోసినం. పండ్లు పాయె, నూనె పాయె, నొప్పి అట్లనే ఉండె."

పాపం ఆ పళ్ళు రెండూ ఏ నేరమూ చేయకుండానే శిక్ష అనుభవించాయి. ఈ జబ్బులో పళ్ళకు జరిగే అన్యాయం ఎప్పుడూ ఇదే.

సూపరింటెండెంటు గారి మాట గుర్తొచ్చి, వెంట వచ్చినవాళ్ళ వైపు చూశాను. తలుపు దగ్గర ఎర్రరుమాలు చుట్టుకున్న పెద్దాయన ఒకడు అందరికీ దూరంగా నిలబడి గోడకున్న క్యాలెండరు చదువుతున్నాడు. అది ఏడాది కిందటి క్యాలెండరు.

"ఆయనెవరు?"

"మా బావ నర్సయ్య. పంచాయితిల గెలిచినోడు."

"గెలిచినాయన ఇక్కడికెందుకొచ్చాడు?"

బాలమ్మ కొంచెం మొహం తిప్పుకుని, "జీపు ఆయనే మాట్లాడిండు" అంది.

తొమ్మిదో నరం

ఇక్కడ కాస్త పాఠం చెబుతాను, ఓపిక పట్టండి. మీరు మళ్ళీ ఈ రోగిని చూస్తారో లేదో తెలియదు, చూసినప్పుడు మాత్రం వదలకూడదు.

ఈ జబ్బు పేరు గ్లాసోఫారింజియల్ న్యూరాల్జియా. పేరు పలకడానికే గొంతు పట్టుకుంటుంది. మెదడు అడుగునుంచి బయలుదేరే నరాల్లో తొమ్మిదోది నాలుక మొదటికీ, టాన్సిల్ ఉండే చోటికీ, గొంతు వెనక గోడకూ, చెవి లోతుకూ పోతుంది. ఆ దారిపొడవునా నొప్పి కరెంటు కొట్టినట్టు వస్తుంది. సాధారణంగా ఒకవైపే. క్షణాలు ఉంటుంది, ఎక్కువైతే నిమిషం రెండు నిమిషాలు. పోయిందంటే ఏమీ జరగనట్టు పోతుంది, మళ్ళీ వచ్చిందంటే మనిషి ఒళ్ళంతా వణుకుతుంది. మింగడం, అందులోనూ చల్లటివి మింగడం, మాట్లాడటం, దగ్గడం, ఆవులించడం, ఇవన్నీ దాన్ని లేపుతాయి. కొందరికి చెవి తాకినా లేస్తుంది. అందుకే వీళ్ళు ఉమ్మి కూడా మింగరు. కొన్నాళ్ళు దానంతటదే మాయమవుతుంది కూడా. అప్పుడు ఆఖరున వాడిన మందుకో, ఆఖరున మొక్కిన దేవుడికో పేరొస్తుంది.

బుగ్గకూ దవడకూ వచ్చే ఐదో నరం నొప్పి దీనికంటే చాలా ఎక్కువమందిలో కనిపిస్తుంది. ఇది అరుదు. నా ఉద్యోగం మొత్తంలో నేను చూసినవాళ్ళను లెక్కపెడితే ఒక చేతి వేళ్ళే ఇంకా మిగిలిపోతాయి.

తొమ్మిదో నరానికి పక్కింట్లోనే పదోది ఉంటుంది. గుండె వేగాన్ని తగ్గించే తీగ దానిలో ఉంది. కొందరిలో నొప్పి లేచినప్పుడు ఆ గొడవ పక్కింటికీ పాకి, గుండె నెమ్మదించి, బీపీ పడిపోయి, మనిషి స్పృహ తప్పుతాడు. మైసమ్మ గుడి ముందు జరిగింది ఇదే.

కారణం? చాలామందిలో మెదడు అడుగున, నరం బయటికొచ్చే చోట ఒక రక్తనాళం వంకర తిరిగి నరానికి ఒరుసుకుంటూ ఉంటుంది. కొందరిలో చెవి కింద సూదిలాంటి ఎముక మామూలుకంటే పొడుగు పెరిగి గొంతులో గుచ్చుకుంటుంది. అరుదుగా మెదడు అడుగునో, గొంతులోనో గడ్డ ఉంటుంది. ఎంత వెతికినా ఏదీ దొరకనివాళ్ళూ ఉంటారు. అందుకని "నొప్పే కదా" అని మాత్ర రాసి పంపకండి. నాలుక మొదలు, టాన్సిల్ చోటు వేలుపెట్టి తడిమి, లోపలికి చూసి, పుండు గానీ గడ్డ గానీ లేదని తేల్చుకోండి.

చెన్నయ్య గొంతులో చూడటానికి ఏమీ లేదు. దూదిపుల్లతో కుడివైపు టాన్సిల్ చోటు తాకాను, కదల్లేదు. ఎడమవైపు తాకగానే కుర్చీతో సహా లేచాడు. బయటున్న జనం "మైసమ్మా!" అని దండం పెట్టారు, ఆ దండాలు నాకో అమ్మవారికో తెలియలేదు. ఆ తర్వాత మత్తు స్ప్రే కొట్టి, కాసేపాగి, గ్లాసులో కొద్దిగా నీళ్ళిచ్చాను.

చెన్నయ్య గ్లాసును చాలాసేపు చూశాడు. కళ్ళు మూసుకుని చిన్న గుక్క మింగాడు. ఒక కన్ను తెరిచాడు. ఇంకో గుక్క మింగాడు. ఆ తర్వాత గ్లాసు నాకివ్వడు! మొద్దుబారిన గొంతుతో గటగటా తాగితే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నేనిటు గుంజుతున్నాను, అతనటు గుంజుతున్నాడు. అతని కళ్ళనుంచి నీళ్ళు కారిపోతున్నాయి. "ఎన్ని దినాలాయెనమ్మా, మంచినీళ్ళు మింగక" అన్నాడు. అదే నేను విన్న అతని మొదటి మాట. నాకూ ఏడుపొచ్చింది, కానీ గ్లాసు మాత్రం వదల్లేదు.

మందు మింగనంటాడు

దీనికి ఒక మంచి మాత్ర ఉంది, కార్బమజెపిన్. మూర్ఛకు వాడతారు, ఈ నరాల నొప్పికీ వాడతారు. మెల్లగా మోతాదు పెంచుకుంటూ పోతే చాలామందికి నొప్పి అణుగుతుంది. రక్తపరీక్షలు చేయిస్తూ ఉండాలి, మొదట్లో మత్తుగా తూలుతారు, ఒంటిమీద దద్దుర్లు వస్తే వెంటనే ఆపాలి. గుండె రికార్డు తీయించాను, మందు రాసిచ్చాను. జబ్బు దొరికింది, మందూ దొరికింది. ఇక జయం మనదే అనుకున్నాను.

చెన్నయ్య చీటీ మడిచి నా బల్లమీదే పెట్టాడు. అతని ఊరి పెద్దమనిషి ఆశన్న గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, నీ మందు మంచిదే గావొచ్చు. గాని గొంతు మొద్దుబార్చినంక ఎవడైన మింగుతడు. దొంగ గూడ మింగుతడు. గది పమాణం ఎట్లయితది?"

నిజానికి ఆ వాదనలో నాకు తప్పేమీ దొరకలేదు. చెన్నయ్య మత్తు దిగకముందే గబగబా మాట్లాడాడు.

"ఊరు నన్ను దొంగ అన్నదమ్మా. గోలీలు మింగి బాగైతె, మందుతోని మైసమ్మను మోసం చేసిండంటరు. ముందు నా పేరు బాగుగావాలె, ఎనక గొంతు."

"తినకుండా తాగకుండా ఎన్నాళ్ళుంటావయ్యా? మధ్యలో గుండె ఆగిందనుకో?"

"ఆగనియ్యి." తర్వాత నా దగ్గరకు వంగి, మెల్లగా అన్నాడు. "ఒక్కోపారి నాకే అనుమానమొస్తదమ్మా. నిద్రల లేసిపోయి నేనే జరిపిన్నేమో అని."

బాలమ్మకు వినపడింది. "నిద్రల లేసి సెంబెడు నీళ్ళు ముంచుకోడు, రాయేం జరుపుతడు!" అంది.

అందరూ నవ్వారు, చెన్నయ్య తప్ప. మనిషిని ఊరంతా దొంగ అంటే చివరకు తనకు తానే దొంగలా కనిపిస్తాడని నాకు ఆరోజు అర్థమైంది. నాకు ఊరి మీద, మైసమ్మ మీద, అన్న మీద, అందరి మీదా కోపం వచ్చింది.

నేను వేసిన గొప్ప ఎత్తు

ఆ కోపంలోనే ఒక ఉపాయం తట్టింది. చెన్నయ్య అబద్ధమాడితేనే నొప్పి వస్తుందని కదా ఊరి నమ్మకం. ఎవరూ కాదనలేని నిజం ఒకటి చెప్పించి, అందరి ముందూ నీళ్ళు తాగిస్తే? నొప్పి ఎలాగూ వస్తుంది. నిజం చెప్పినా వచ్చిందంటే, అది అబద్ధానికి పడిన శిక్ష కాదని తేలిపోతుంది. తేలితే మందు మింగుతాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

సూపరింటెండెంటు గారికి చెబితే తల పట్టుకున్నారు. "శాస్త్రాన్ని పట్టుకొని పంచాయితికి పోతవా? పో. గాని సెలవు పెట్టి పో" అన్నారు. పోయేముందు, "అన్న ఎట్ల చూస్తుండో చూడు" అని మాత్రం గుర్తుచేశారు.

ఆదివారం నేనూ, సిస్టరు సుశీలమ్మా సెలైనూ, గుండె నెమ్మదిస్తే ఇచ్చే ఇంజెక్షనూ సంచిలో పెట్టుకుని బస్సెక్కాం. బడి వరండాలో ఊరంతా కూర్చుంది. ఆదివారాలు ఘణపూర్ కోట గుట్ట ఎక్కే పిల్లలు కూడా ఆరోజు గుట్ట మానేసి ఇక్కడికే వచ్చారు. పడిపోయినా దెబ్బ తగలకుండా చెన్నయ్యను మంచం మీద కూర్చోబెట్టాం. చేతికి సూది పెట్టి సిద్ధంగా ఉంచాం. ఒకే ఒక్క చిన్న గుక్క, అంతకుమించి ఒప్పుకోనని ముందే చెప్పాను. మైసమ్మ నీళ్ళు పూజారి తెచ్చాడు.

"ఏమని చెప్పాలె?" అన్నాడు చెన్నయ్య.

"నా పేరు చెన్నయ్య అని చెప్పు."

చెన్నయ్య చెంబెత్తి, "తల్లీ మైసమ్మా, నా పేరు చెన్నయ్య" అని గుక్క మింగాడు. నేననుకున్నట్టే చెవి పట్టుకుని అరిచి మంచం మీద ఒరిగాడు. నాడి తగ్గింది, సుశీలమ్మ ఇంజెక్షను ఇచ్చింది. కాసేపటికి కళ్ళు తెరిచాడు. నేను లేచి నిలబడి, లాయరులాగా ఊరివైపు తిరిగాను.

"చూశారు కదా! ఇప్పుడేమంటారు?"

 ఆశన్న గడ్డం గోక్కున్నాడు.

"అయితే వీని పేరు చెన్నయ్య గాదన్నట్టు" అన్నాడు.

 అంతలో వెనకనుంచి చెన్నయ్య మేనత్త ఈరమ్మ కర్ర ఊపుతూ లేచింది. "ఔ, నాకు యాదికున్నది! తొట్లెల ఏసిననాడు బాలస్వామి అని పేరు పెట్టిండ్రు. చెన్నడు అన్నది ఎనక వచ్చింది!"

ఇక చూడండి. "మైసమ్మకు తెల్వదా?" అని ఒకరు, "ఎంత సత్యమున్న తల్లి!" అని ఒకరు. పూజారి కొబ్బరికాయ కొట్టేశాడు. నేను తెచ్చిన సాక్ష్యం నా కళ్ళముందే అవతలి పక్షానికి వెళ్ళిపోయింది.

"సరే, ఇంకేదైనా నిజం చెప్పండి!" అని అరిచాను. ఇంకో గుక్క తాగించే ఉద్దేశం నాకు లేదు, కోపంలో అన్నాను. వాళ్ళు మాత్రం నిజాలు వెతకడం మొదలుపెట్టారు.

"బాలమ్మ నా పెండ్లాం అని చెప్పనియ్యి" అన్నాడొకడు.

బాలమ్మ కొంగు బిగించింది. "నా పేరు ఎత్తితె మంచిగుండదు! నీళ్ళు తాగి ఈయన పడిపోతె నేనెవరి పెండ్లాన్ని గావాలె?"

"అయితే సూర్యుడు తూర్పున పుడతడని చెప్పనియ్యి. అదైతె ఎవడు కాదంటడు?"

బడి పంతులు చెయ్యెత్తాడు. "శాస్త్ర ప్రకారం సూర్యుడు పుట్టడు. భూమి తిరుగుతది. అది కూడ పూర్తి నిజం గాదు."

నేను శాస్త్రాన్ని నమ్ముకుని వచ్చినదాన్ని. ఆ క్షణంలో ఆ పంతులును బడి బావిలో పడేయాలనిపించింది.

మంచం మీద చెన్నయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. తన పేరు కూడా తనది కాదని ఊరు తేల్చేసింది కదా. నేను అతన్ని బాగుచేయడానికి వచ్చి ఉన్నది కూడా పోగొట్టాను. అప్పుడు సూపరింటెండెంటు గారి మాట గుర్తొచ్చి నర్సయ్య కోసం చూశాను. అతను జనంలో లేడు, మంచం పక్కనే ఉన్నాడు. తమ్ముడు ఉమ్మే డబ్బా చేతిలో పట్టుకుని ఉన్నాడు.

"అత్తా, నువ్వు జర కూసో" అన్నాడు మేనత్తతో. తర్వాత అందరికీ వినపడేలా అన్నాడు.

"తొట్లెల బాలస్వామి అని పెట్టింది నిజమే. నాకప్పుడు నోరు తిరగకపోతుండె. చెన్నా చెన్నా అని నేనే పిల్చిన. ఊరంత నన్ను చూసే పిల్చిండ్రు. వీని పేరు చెన్నయ్యే. పెట్టినోణ్ణి నేను చెప్తున్న."

 ఆశన్న తెలివైనవాడు, ఆ మాట ఎక్కడికి పోతుందో ముందే చూశాడు.

"నర్సయ్యా, ఆలోచించుకొని మాట్లాడు. పేరు నిజమైతె, నిజం చెప్పినా గొంతు పట్టినట్టు. అప్పుడు గెట్టు తీర్పు గూడ నిలువది. పట్టీ పోతది."

నర్సయ్య తమ్ముడి వైపు చూశాడు. "పోనియ్యి. భూమికోసం వాని పేరు మార్చాల్నా? ముందు వానికి గోలి ఇయ్యిండ్రి."

నా ఎత్తు చేయలేని పని ఆ ఒక్క మాట చేసింది. కానీ కొత్త చిక్కు వచ్చింది. మింగితే నొప్పి పోయే మాత్ర, ముందు మింగాలి కదా! స్ప్రే కొట్టి, మాత్ర నూరి, బెల్లం నీళ్ళలో కలిపి చెంచాతో పోశాం. చెంచా పట్టుకున్నది నర్సయ్య. సగం నా చీర మీద పోశాడు.

తర్వాత

మందుతో చెన్నయ్య కోలుకున్నాడు. మొదటి వారం మత్తులో ఎద్దుల కొట్టంలో పడి నిద్రపోయాడని బాలమ్మ ఫిర్యాదు తెచ్చింది, మోతాదు సరిచేశాను. రెండు మూడేళ్ళు బాగా ఉండి, తర్వాత మందు సరిపోక హైదరాబాదు పంపాను. స్కానింగులో రక్తనాళం నరాన్ని ఒరుసుకుంటున్నట్టు కనిపించింది. అక్కడి పెద్ద డాక్టర్లు ఆపరేషను చేసి రెండింటి మధ్య చిన్న మెత్తటి ముక్క పెట్టారు. 

నాకు దక్కిన కీర్తి వేరే రకం. చుట్టుపక్కల ఊళ్ళలో ఒక కొత్త పద్ధతి వచ్చింది. పమాణానికి ముందు రెండు పక్షాలవాళ్ళూ గొంతు చూపించుకుని రావాలట. "అమ్మా, రేపు పంచాయితి ఉన్నది. నా గొంతు మంచిగున్నదని రాసియ్యి" అని దూరాన ఉన్న లింగాల నుంచి కూడా జనం వచ్చేవారు. సూపరింటెండెంటు గారు ఆ వరుస చూసి ఉడుక్కుని, వాళ్ళకూ ఒక్కో గ్యాస్ గోలీ ఇచ్చి పంపేవారు. మీకూ అలాంటివాళ్ళు వస్తారు. విసుక్కోకండి, గొంతులోకి ఒకసారి చూసి పంపండి. వాళ్ళలో ఒకామెకు నాలుక మొదట్లో నిజంగానే చిన్న గడ్డ దొరికింది, వేళకు తీయించాం.

ఆపరేషను తర్వాత అన్నదమ్ములిద్దరూ నన్ను చూడటానికి వచ్చారు. చెన్నయ్య చెవి వెనక కుట్లు చూపించాడు. లోపల ఏం చేశారో నేను కాగితం మీద బొమ్మ వేసి చెప్పాను. ఇది నరం, ఇది రక్తనాళం, ఇదివరకు ఒరుసుకునేవి, ఇప్పుడు మధ్యలో ఈ ముక్క ఉంది కాబట్టి ఎవరిచోట వాళ్ళుంటారు అన్నాను.

చెన్నయ్య బొమ్మను తిప్పి తిప్పి చూశాడు. "అంటే తలకాయల గెట్టు రాయి ఏసిండ్రన్నట్టు" అన్నాడు.

"ఆ రాయి అంటే గుర్తొచ్చింది. ఇంతకీ చేనిలో రాయి ఎవరు జరిపారయ్యా?"

నర్సయ్య నవ్వాడు. "ట్రాక్టరోడు, అమ్మా. దున్నుకుంట మలుపుల తగిలిచ్చిండంట. పంచాయితి కూసున్నదని తెలిసి, తననూ నీళ్ళు తాగుమంటరని భయపడి ఊకున్నడు. మొన్న ఒప్పుకున్నడు."

"మరి రాయిని మళ్ళీ పాత చోట పాతారా?"

"లేదమ్మా. పీకేసినం. ఇంటి ముంగట అరుగుకు ఏసుకున్నం. పొద్దుగూకాల వీడు దాని మీదనే కూసుంటడు."

చెన్నయ్య లేచి, నా బల్ల మీదున్న కుండ నీళ్ళ గ్లాసు తీసుకున్నాడు. అడగలేదు. చల్లటి నీళ్ళు, గ్లాసు నిండా. నర్సయ్య మాట ఆపి తమ్ముడి గొంతువైపు చూస్తూ నిలబడ్డాడు. చెన్నయ్య ఒక్క దమ్మున తాగి, గ్లాసు బోర్లించి అన్నకు చూపించాడు.

"ఇంకో గిలాస తాగు" అన్నాడు నర్సయ్య.